కమోర్తాలో తెరుచుకునే మాన్యువల్

ఆఫీసులో ఎవరికైనా "ఈ యంత్రం మీద ఒక మాన్యువల్ రాయి బాబూ" అని పని అప్పజెప్పి చూడండి. యంత్రం గురించి ఒక్క ప్రశ్న అడగడు. "ఏ సాఫ్ట్‌వేర్‌లో రాయమంటారు సార్?" అంటాడు. మర్నాటికల్లా ఐదారు పేర్లు పట్టుకొస్తాడు, పక్కన ధరల పట్టికతో సహా. నెల తర్వాత చూస్తే సాఫ్ట్‌వేర్ మీద మీటింగులు జరుగుతూనే ఉంటాయి. మాన్యువల్‌లో అట్టా, విషయసూచికా తప్ప ఏమీ ఉండదు.

నగరంలో కూర్చుని పరికరాన్ని ఎంచుకుంటే ఇలాగే అవుతుంది. మాదాపూర్‌లో అన్ని పరికరాలూ బాగానే పనిచేస్తాయి. నెట్ ఉంటుంది, కరెంటు ఉంటుంది, ప్రింటర్ మొరాయిస్తే సాయంత్రానికి మనిషి వస్తాడు. ఇక తేల్చుకోవడానికి మిగిలేది మెనూల అందమూ, ధరా. పరికరాల మధ్య అసలు తేడా కనపడాలంటే చదివేవాడిని దూరంగా తీసుకెళ్లి నిలబెట్టాలి. ఈ అధ్యాయంలో అతన్ని అండమాన్ నికోబార్ దీవుల్లో నిలబెడదాం. అక్కడ పనికొచ్చిన పద్ధతి ఆదిలాబాద్ సబ్‌స్టేషన్‌లోనూ పనికొస్తుంది. మాదాపూర్‌లో పనికొచ్చిందల్లా అక్కడ పనికొస్తుందన్న భరోసా లేదు.

చీకట్లో చదివేవాడు

అండమాన్ మనకు మరీ పరాయిచోటేమీ కాదు. విశాఖ రేవులో ఓడ ఎక్కితే దాదాపు మూడు రోజుల్లో పోర్ట్ బ్లెయిర్‌లో దిగుతాం. 2024 సెప్టెంబరు నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో తెలుగు తమ మాతృభాష అని చెప్పినవారు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత స్థానం మనదే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకూ, పనులకూ వెళ్లి అక్కడే పాతుకుపోయిన కుటుంబాలు ఎన్నో.

ఆ దీవులన్నిటినీ కలిపే ఒకే విద్యుత్ గ్రిడ్ లేదు. మధ్యలో సముద్రం ఉంది కాబట్టి ఎక్కడి పవర్ హౌస్ అక్కడిదే. డిగ్లీపూర్ దగ్గర కల్పాంగ్ నది మీద 5.25 మెగావాట్ల చిన్న జలవిద్యుత్ కేంద్రం ఉంది. దక్షిణ అండమాన్‌లో సౌర విద్యుత్ కేంద్రాలు వచ్చాయి. అయినా భారం ఎక్కువగా మోసేది డీజిల్ జనరేటర్లే. మన ఊళ్లో ఒక యూనిట్ ట్రిప్ అయితే ఎక్కడో రామగుండమో, శ్రీశైలమో ఆదుకుంటుంది. నికోబార్‌లోని కమోర్తా లాంటి దీవిలో సెట్లు ఆగిపోతే వాటిని అక్కడున్నవాళ్లే మళ్లీ తిప్పాలి.

ఇక నెట్ సంగతి. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ప్రారంభమైంది. పొడవు దాదాపు 2,300 కిలోమీటర్లు. పోర్ట్ బ్లెయిర్ నుంచి అది స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్‌లకు వెళ్తుంది. అంతకుముందు ప్రధాన భూభాగంతో సంబంధమంతా ఉపగ్రహం దయ. కేబుల్ వచ్చాక దీవుల బతుకు మారిన మాట నిజం. "ఇంకేం, అంతా క్లౌడ్‌లో పెట్టేద్దాం" అని మీకు అనిపిస్తే అందులో వింతేమీ లేదు.

కానీ ఆ మాన్యువల్‌ను ఎప్పుడు తెరుస్తారో ఆలోచించండి. రాత్రి షిఫ్టులో సెట్లన్నీ ట్రిప్ అయ్యాయి. దీవి మొత్తం చీకటి. మొబైల్ టవర్ బ్యాటరీ మీద ఎంతసేపు నడుస్తుందో తెలియదు, ఆఫీసు గదిలో రౌటర్ అప్పటికే ఆరిపోయింది. సెట్‌ను మళ్లీ లైన్‌లోకి తెచ్చే క్రమం చూడాలి. బస్‌బార్ మీద వోల్టేజి లేదని రూఢి చేసుకున్నాకే ఏ బ్రేకర్ వేయాలో, ఏ ఫీడరు ముందు, ఏది తర్వాతో చూడాలి. కరెంటు తిరిగి రప్పించే పుస్తకం కరెంటు ఉంటే తప్ప తెరుచుకోదంటే దాన్ని ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లో రాస్తే మాత్రం ఏం లాభం?

అందుకని పరికరాల పేర్లు వినకముందే ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి. చదివేవాడు ఎక్కడ నిలబడి చదువుతాడు? అప్పుడు అతని చేతులు ఖాళీగా ఉంటాయా, నూనె మరకలతో ఉంటాయా? నెట్ ఉంటుందా? ఏ భాషలో చదివితే తప్పు చేయడు? కమోర్తా విషయంలో ఈ జవాబులే చాలా పరికరాలను తీసేస్తాయి. నెట్ లేకుండా తెరుచుకోనిది ఏదైనా, అది ఎంత గొప్పదైనా, అత్యవసర క్రమాలకు పనికిరాదు. రిపోర్టులకూ, ప్రతిపాదనలకూ వాడుకోండి, అడ్డేమీ లేదు.

కాగితాన్ని చిన్నచూపు చూడొద్దు. అండమాన్‌లో రెండు రుతుపవనాలూ కురుస్తాయి. ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన, పైగా ఉప్పుగాలి. ఇంక్‌జెట్‌లో తీసిన ప్రింటు తడి తగిలితే అలుక్కుపోతుంది. లేజర్ ప్రింటు తీసి లామినేట్ చేయిస్తే నిలుస్తుంది. అత్యవసర క్రమం ఒక్క పేజీ దాటకూడదు, అక్షరాలు మోచేయి దూరం నుంచి టార్చి వెలుగులో కనపడాలి. మీరు ఎంచుకున్న పరికరం ఇలాంటి పేజీని సులువుగా ఇవ్వగలదా అన్నది మొదటి పరీక్ష. చాలా వికీలు ఇక్కడే తప్పుతాయి. తెర మీద ముచ్చటగా ఉన్న పేజీని ప్రింటుకు పంపితే పక్క మెనూలతో, విరిగిపోయిన పట్టికలతో వస్తుంది.

ఈమధ్య ప్రతి యంత్రం మీదా ఒక క్యూఆర్ కోడ్ అంటించడం ఫ్యాషన్ అయింది. దాన్ని స్కాన్ చేస్తే వెబ్ చిరునామా తెరుచుకుంటుంది, అంటే మళ్లీ నెట్ కావాలి. చిరునామాకు బదులు పాఠాన్నే కోడ్‌లో ఇరికించవచ్చు గానీ అతి పెద్ద క్యూఆర్ కోడ్‌లో పట్టేది 2,953 బైట్లు. యూనికోడ్ తెలుగులో ఒక్కో గుర్తుకూ మూడు బైట్లు పోతాయి. గుణింతాలూ, ఒత్తులూ విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి చివరికి ఒకటి రెండు పేరాలకు మించి పట్టదు. అంత చిక్కటి కోడ్‌ను మసక వెలుతురులో ఫోను చదవడం కూడా కష్టమే. లామినేట్ కాగితమే నయం.

మూల ఫైలు ఎవరి చేతిలో ఉంది

అచ్చు పేజీ, ఫోనులో ఆఫ్‌లైన్ ప్రతి, ఆఫీసులో పెద్ద మాన్యువల్ అన్నీ ఒకే మూలం నుంచి రావాలి. ఆ మూల ఫైలు ఏ రూపంలో ఉండాలన్నదే నిజమైన ఎంపిక. తెలుగువాళ్లకు ఇందులో చేదు అనుభవం ఉంది. 1990ల నుంచి మన డీటీపీ కేంద్రాల్లో పుస్తకాలూ, కరపత్రాలూ, శిక్షణ పాఠాలూ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారయ్యాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ కొన్నాళ్లు ఆ పాత ఫైళ్లను తెరిచింది, 2012 నాటి సీఎస్6 తర్వాత అదీ మానేసింది. ఆ ఫైళ్లలో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన రాత. ఫాంటు లేకపోతే పిచ్చి గీతలు కనిపిస్తాయి. వెతికితే దొరకదు. ఇప్పుడు మార్పిడి సాధనాలు ఉన్నాయి, కానీ మార్చాక ఒత్తులూ, పొల్లులూ సరిచూసుకుంటూ ఎవరో కూర్చోవాలి.

అద్దె ఇంట్లో దిగేముందు, ఖాళీ చేసేనాడు బీరువా గుమ్మంలోంచి బయటికి వస్తుందా అని చూసుకునేవాడే తెలివైనవాడు. పరికరాన్నీ అలాగే చూడాలి. డెమోకు వచ్చిన సేల్స్‌మన్ మాన్యువల్ ఎలా రాయాలో గంటసేపు చూపిస్తాడు. చివర్లో మీరు ఒక్కటే అడగండి: "ఇందులోంచి అంతా బయటికి తీసి, బొమ్మలూ లింకులూ చెదరకుండా ఇంకోదాంట్లో పెట్టి చూపించండి." ఈ ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. చాలా కంపెనీలు తమ సొంత సర్వర్ల మీద కాన్‌ఫ్లుయెన్స్ అనే వికీ నడుపుకునేవి. ఆ సర్వర్ రకానికి తయారీదారు అట్లాసియన్ 2024 ఫిబ్రవరి 15తో మద్దతు ఆపేసింది. ఉన్నవాళ్లు క్లౌడ్‌కు వెళ్లాల్సి వచ్చింది, లేదా ఖరీదైన డేటా సెంటర్ రకానికి. నెట్ దండిగా ఉన్నవాళ్లకు అది డబ్బు సమస్య. దీవిలో సొంత సర్వర్ మీదే ఆధారపడ్డ ఆఫీసుకు ఇలాంటి నిర్ణయం అంతకంటే పెద్ద చిక్కు తెస్తుంది.

నా మొగ్గు సాదా టెక్స్ట్ వైపు. 2004లో జాన్ గ్రూబర్ తెచ్చిన మార్క్‌డౌన్ గానీ, పట్టికలూ, హెచ్చరిక పెట్టెలూ ఎక్కువగా ఉంటే ఆస్కీడాక్ గానీ. ఆ ఫైలును ఏ కంప్యూటర్‌లోనైనా, ఏ ఎడిటర్‌లోనైనా తెరవచ్చు. ప్యాన్‌డాక్ అనే ఉచిత సాధనం మార్క్‌డౌన్ ఫైలును వర్డ్‌గా, వెబ్ పేజీగా, పీడీఎఫ్‌గా మార్చిపెడుతుంది. రాసినదంతా పెన్‌డ్రైవ్‌లో ఒక మూలకు సరిపోతుంది.

ఇలా చెప్పగానే కుర్రాళ్లు వర్డ్‌ను తిట్టడం మొదలుపెడతారు. నాకది నచ్చదు. ముగ్గురు పనిచేసే ఆఫీసులో, కమాండ్ లైన్ చూస్తేనే కంగారుపడే జూనియర్ ఇంజినీరు చేతికి మార్పుల చరిత్ర దాచే గిట్ ఇచ్చి వెళ్లిపోవడం సాయం కాదు. వర్డ్‌లోనో లిబ్రేఆఫీస్‌లోనో శీర్షికలకు స్టైల్స్ వాడి, బొమ్మలకు వరస నంబర్లు ఇచ్చి, ఒకే ఫైలును ఒకే చోట ఉంచితే అది పదేళ్లు నడుస్తుంది. శీర్షికను బోల్డ్ చేసి సైజు పెంచడం వేరు, శీర్షిక స్టైల్ పెట్టడం వేరు. మొదటిది కంటికి కనిపిస్తుందంతే. రెండోది రేపు ప్యాన్‌డాక్‌కు కూడా అర్థమవుతుంది. 'ఫైనల్', 'కొత్త ఫైనల్', 'ఫైనల్ సార్ చూసింది' అని మూడు ఫైళ్లు పక్కపక్కన కనిపించిన రోజున మాత్రం పరికరం మార్చే ముహూర్తం వచ్చిందని అనుకోండి.

మరి డీటా లాంటి భారీ ఎక్స్ఎంఎల్ పద్ధతుల సంగతేమిటి? ఐబీఎంలో పుట్టి 2005లో ఓయాసిస్ ప్రమాణం అయిన పద్ధతి అది. ఒకే సమాచారం అనేక రూపాల్లో, అనేక ఉత్పత్తులకు వెళ్లే చోట దాని ఖర్చు గిట్టుబాటవుతుంది. పవర్ హౌస్‌కు అది అక్కర్లేదు. అయితే దాని వెనకున్న ఆలోచన అక్కర్లేదని కాదు. ఉదాహరణకు, హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉంది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత, 2007 అక్టోబరు నుంచి దేశపు సునామీ హెచ్చరిక కేంద్రం అక్కడే నడుస్తోంది. అండమాన్‌కు హెచ్చరిక వెళ్లేది మన ఊరి నుంచే అన్నమాట. ఆ హెచ్చరికలకు స్థాయిలు ముందే ఖాయం. అల ఎత్తు 2 మీటర్లు దాటుతుందంటే వార్నింగ్, అర మీటరు నుంచి 2 మీటర్ల మధ్య అయితే అలర్ట్, అంతకు తక్కువైతే వాచ్. ఏ స్థాయికి ఏం చేయాలో ముందే రాసి ఉంటుంది. అదే సమాచారం ఈమెయిల్‌గా, ఫ్యాక్స్‌గా, ఎస్ఎంఎస్‌గా, వెబ్‌సైట్ మీదా వెళ్తుంది. నికోబార్ దీవులు భూకంప కేంద్రాలకు చాలా దగ్గర. ఆ గడియలో కూర్చుని వాక్యం చెక్కే తీరిక ఎవరికీ ఉండదు. గడులు ముందే గీసి ఉండాలి, నింపడమే మిగలాలి.

మీ మాన్యువల్‌లోనూ అలాంటి గడులు పెట్టుకోవడానికి ఎక్స్ఎంఎల్ కొనక్కర్లేదు. ప్రతి అత్యవసర పేజీకీ 'ఎప్పుడు', 'ముందు ఏం చూసుకోవాలి', 'ఏం చేయాలి', 'ఎవరికి చెప్పాలి' అనే నాలుగు శీర్షికలు ఒకే వరసలో ఉంటే చాలు. తెలుగులో ఎస్ఎంఎస్ పంపాలంటే ఒక మెసేజీకి 70 గుర్తులే పడతాయని కూడా గుర్తుంచుకోండి. ఇంగ్లిష్‌లో 160. 'ఎవరికి చెప్పాలి' దగ్గర పంపాల్సిన మెసేజీని ముందే రాసి లెక్కపెట్టి ఉంచితే ఆ రాత్రి వేళ్లు తడబడవు.

ఊదా సిరా పాఠం

మాన్యువల్ తప్పుగా రాయకపోయినా అబద్ధం అయిపోవచ్చు. 2004 భూకంపంలో గ్రేట్ నికోబార్ దక్షిణ కొసన ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. 1972లో వెలిగిన అక్కడి లైట్‌హౌస్ పాదం నీళ్లలోకి వెళ్లింది. అటు ఉత్తర అండమాన్ తీరాల్లో నేల పైకి లేచి, పగడపు దిబ్బలు బయటపడ్డాయి. ముందురోజు దాకా నిజమైన సముద్ర పటాలు ఒక్క ఉదయంలో పాతబడ్డాయి.

పటాల సవరణకు నావికులకు ఉన్న ఏర్పాటును చూసి ముచ్చటపడతాను. డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం పక్షానికోసారి నావికులకు నోటీసులు వెలువరిస్తుంది. ఎక్కడో దీపం ఆరిపోయింది, ఎక్కడో లోతు మారింది, ఎక్కడో కొత్త శిథిలం కనిపించింది. ఓడలో ఉన్న అధికారి కాగితపు పటం మీద ఊదా సిరాతో ఆ మార్పు గుర్తించి, పటం అడుగున ఎడమ మూల సంవత్సరమూ, నోటీసు నంబరూ రాస్తాడు. ఇందులో అసలు గడుసుతనం ఇంకోటుంది. పటానికి ఇంతకుముందు వచ్చిన సవరణ నంబరు ఏదో కూడా నోటీసులో ఉంటుంది. అధికారి ఎడమ మూల చూస్తాడు. ఆ పాత నంబరు అక్కడ లేకపోతే మధ్యలో ఒక నోటీసు తనకు అందలేదని అప్పుడే తెలిసిపోతుంది. నడిసముద్రంలో, ఎవరినీ అడగకుండా.

2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన గిట్ కూడా ఇదే పని చేస్తుంది. ప్రతి మార్పూ తన ముందు మార్పు గుర్తును తనతో మోస్తుంది, కాబట్టి మధ్యలో గొలుసు తెగితే దాగదు. ప్రతి నకలులోనూ మొత్తం చరిత్ర ఉంటుంది, నెట్ లేకుండానే పని సాగుతుంది. గిట్ బండిల్ అనే ఆదేశం ఉంది. కొత్త మార్పులన్నిటినీ ఒక ఫైలుగా కట్టి ఇస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, పోర్ట్ బ్లెయిర్ నుంచి వెళ్లే ఓడలో మనిషి చేత పంపితే అవతలి దీవిలో కలిపేసుకోవచ్చు. ఇది ఎందరికో తెలియదు. గిట్ అంటే గిట్‌హబ్ వెబ్‌సైటే అనుకుంటారు.

గిట్ నేర్చుకునేవాళ్లు లేకపోతే నావికుల పద్ధతినే ఎత్తుకోండి. ప్రతి పేజీ అడుగున ఎడమ మూల 'సవరణ 7, 2025 మార్చి. దీనికి ముందుది సవరణ 6, 2024 నవంబరు' అని రెండూ రాయండి. సవరణ పంపేటప్పుడు పైన అదే వాక్యం. పేజీ తీసిన ఆపరేటర్ దగ్గర ఉన్నది 5 అయితే 6 తనకు రాలేదని తానే గ్రహిస్తాడు. ఏ సాఫ్ట్‌వేరూ కొనకుండా దొరికే ఈ సౌకర్యాన్ని ఎన్నో పెద్ద సంస్థల మాన్యువల్స్‌లో నేను చూడలేదు. 'తాజా వెర్షన్ కోసం పోర్టల్ చూడండి' అని మాత్రం అన్నింట్లోనూ ఉంటుంది.

పేర్ల మార్పు ఇంకో పరీక్ష. 2018 డిసెంబరు 30న హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ ఐలండ్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. 2023 జనవరిలో ఇరవై ఒక్క దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. 2024లో రాజధాని పేరే మారింది. ఫీడరు పేర్లలో, చిరునామాల్లో, బొమ్మల్లో ఇవన్నీ వందల చోట్ల ఉంటాయి. 'అన్నిచోట్లా మార్చు' అని నొక్కితే 'రాస్' అన్న రెండక్షరాలున్న ప్రతి మాటా పాడైపోతుంది: రాస్తే, రాస్తున్న, రాస్తాడు. ఆస్కీడాక్‌లో అట్రిబ్యూట్ అనీ, సాదా టెక్స్ట్ నుంచి వెబ్ పేజీలు తయారుచేసే స్ఫింక్స్‌లో సబ్‌స్టిట్యూషన్ అనీ ఒక ఏర్పాటు ఉంది. పేరును ఒకచోట రాసి మిగతా అంతటా దాని గుర్తు పెడతారు. వర్డ్‌లోనూ, లిబ్రేఆఫీస్‌లోనూ ఫీల్డుల రూపంలో ఇది ఉంది, వాడేవాళ్లే తక్కువ. పాత లాగ్‌బుక్కుల్లో, ప్రమాద నివేదికల్లో మాత్రం పేర్లు మార్చకండి. 2010లో రాసిన నివేదికలో హావ్‌లాక్ హావ్‌లాక్‌గానే ఉండాలి. లేకపోతే పాత డ్రాయింగుతో అది జతపడదు.

తెలుగు అడిగే ప్రశ్నలు

సాఫ్ట్‌వేర్ పోలిక పట్టికల్లో కనపడని వరస ఒకటుంది: తెలుగు దాంట్లో బతుకుతుందా? యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. మంచి ఉచిత ఫాంట్లకూ ఇప్పుడు కరువులేదు. చిక్కులు ఇతరచోట్ల వస్తాయి.

పీడీఎఫ్‌లో తెలుగు చక్కగా కనిపిస్తుంది. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట పెట్టి చూడండి. చాలాసార్లు ఒత్తులు చెల్లాచెదురై వస్తాయి, అంటే ఆ ఫైల్లో వెతికినా మాట దొరకదు. అందుకని పీడీఎఫ్‌ను అచ్చుకు ఉంచి, వెతకడానికి వెబ్ పేజీల రూపంలో ఇంకో ప్రతి ఇవ్వాలి. లాటెక్ అలవాటున్నవాళ్లు పాత పీడీఎఫ్‌లాటెక్‌ను వదిలి, యూనికోడ్ ఫాంట్లు తెలిసిన జీలాటెక్ వాడాలి.

వెతుకులాటలో ఇంకో దొంగ ఉంది. 'సాఫ్ట్‌వేర్', 'సాఫ్ట్వేర్' చదివేవాడికి ఒకే మాట. మొదటిదాంట్లో పొల్లును విడిగా నిలబెట్టే కనపడని గుర్తు ఒకటి ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కంప్యూటర్‌కు అవి వేర్వేరు మాటలు. 'స్విచ్‌గేర్' అని టైపు చేసి ఏమీ దొరక్క, మాన్యువల్‌లో ఆ సంగతి లేదనుకుని వెళ్లిపోయే ఆపరేటర్‌ను తప్పుపట్టలేం. వాల్వ్ అనాలా వాల్వు అనాలా, ఫీడర్ అనాలా ఫీడరు అనాలా అన్నది మొదటిరోజే తేల్చుకుని ఒక పేజీలో రాసి గోడకు అంటించండి. పండితులు ఏమంటారన్నది అనవసరం, షిఫ్టులో అందరూ ఏమంటారో అదే వాడండి.

నెట్ లేకుండా ఫోల్డర్‌లోంచే తెరిచే వెబ్ ప్రతికి స్ఫింక్స్ నా మొదటి ఓటు. ఫైలును నేరుగా తెరిచినా అందులో వెతుకులాట పనిచేస్తుంది. అలాంటిదే అయిన ఎంకేడాక్స్ నేర్చుకోవడం తేలిక, కానీ దాన్ని ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్‌లో ఇస్తే లింకులు ఫోల్డర్ల దగ్గర ఆగిపోతాయి, వెతుకులాట మూగబోతుంది. యూజ్ డైరెక్టరీ యూఆర్ఎల్స్ అనే అమరికను ఆపేయాలి, మెటీరియల్ థీమ్ వాడేవాళ్లు దాని ఆఫ్‌లైన్ ప్లగిన్ కూడా పెట్టుకోవాలి.

ఇక అనువాదం. దీవుల్లో వేర్వేరు మాతృభాషలవాళ్లు తమలో తాము మాట్లాడుకునేది ఎక్కువగా హిందీ. యంత్రంతో వచ్చే కంపెనీ పుస్తకం ఇంగ్లిష్. తెలుగు, బెంగాలీ, తమిళ ప్రతులు వాటి వెనక వస్తాయి. ప్రతి ఏడాదీ ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, మూలంలో ఒక వాక్యం మారుతుంది, తెలుగులో పాత వాక్యమే మిగిలిపోతుంది. టార్క్ విలువ మారిన పేజీలో ఇది ప్రమాదం. స్ఫింక్స్ మూలాన్ని పేరాలుగా విడదీసి పీవో అనే అనువాద ఫైళ్లకు మూసలు తయారుచేస్తుంది. గ్నోమ్ మెనూలను తెలుగులోకి తెచ్చిన స్వచ్ఛంద కార్యకర్తలకు ఇవి బాగా పరిచయం. మూలం మారితే ఆ పేరా తెలుగు అనువాదం మీద 'ఫజ్జీ' అనే గుర్తు పడుతుంది, సరిచూసేదాకా పాత తెలుగు బయటికి రాదు. ఈ ఒక్క సౌకర్యం కోసం స్ఫింక్స్ నేర్చుకునే శ్రమ పడవచ్చు. వర్డ్‌లో రాసేవాళ్లు పేరాలకు నంబర్లు వేసి, మారిన నంబర్ల జాబితాను అనువాదకుడికి పంపాలి.

బొమ్మల విషయం చిన్నదే. బొమ్మ మీద మాటలు రాయకండి, అంకెలు వేయండి. అంకెలకు అర్థాలు కింద పట్టికలో ఇవ్వండి. అప్పుడు ఒకే బొమ్మ అన్ని భాషలకూ సరిపోతుంది, పేరు మారితే పట్టిక దిద్దితే చాలు.

వారం రోజుల పరీక్ష

పరికరాల జాబితాను మూడుకు కుదించండి. ఒక్కటే క్రమం తీసుకోండి, మీ దగ్గర ఎక్కువగా గొడవలు తెచ్చిపెడుతున్నది. దాన్ని మూడింట్లోనూ రాయండి. తర్వాత రాసినవాడు పక్కకు తప్పుకోవాలి. ఆ పేజీని షిఫ్టులో ఉన్న ఆపరేటర్‌కు ఇచ్చి, వైఫై ఆపేసి, లైట్లు తీసి, యంత్రం ముందు ఒక్కో అంచె చొప్పున చదివించండి. యంత్రాన్ని నిజంగా ఆపక్కర్లేదు. ఏ మీట ఎక్కడుందో వేలితో చూపిస్తే చాలు. ఎక్కడ ఆగాడో, ఎక్కడ వెనక్కి తిప్పాడో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. మర్నాడు ఆ పేజీలో ఒక వాక్యం మార్చమని, రాసినవాడిని కాకుండా ఇంకొకరిని అడగండి. మార్పు అచ్చులోకి, ఫోనులోకి, తెలుగు ప్రతిలోకి ఎంతసేపట్లో చేరిందో చూడండి. చివరిరోజు ఆ పరికరాన్ని కంప్యూటర్‌లోంచి తీసేసి, రాసింది ఇంకోదాంట్లో తెరవండి. పట్టికలో ఎన్ని మార్కులొచ్చినా సరే, ఆపరేటర్ వద్దన్నది వద్దు.

తేలాక, పాత మాన్యువల్స్ అన్నిటినీ కొత్త పరికరంలోకి మార్చాలని కూర్చోకండి. ఆ పని ఎప్పటికీ తెమలదు, మధ్యలో ఒకరికి బదిలీ అవుతుంది. గత మూడు నెలల లాగ్‌బుక్ తిరగేసి, ఆ కాలంలో నిజంగా అవసరపడ్డ క్రమాలను మాత్రమే మార్చండి. మిగతావాటి అట్టల మీద 'పాతది, వాడేముందు అడగండి' అని రాసి, ఎవరిని అడగాలో కింద రాయండి. అక్కడ మనిషి పేరు రాయకండి, హోదా రాయండి. ఆ కుర్చీలోకి ఎవరొచ్చినా ఫోను మోగేలా ఆఫీసు నంబరు ఇవ్వండి.